ఆంగ్లమున 'వలెను'

తెలుగున 'వలెను' అనునది చిన్న మాట. దాని సంసారము మాత్రము పెద్దది. 'పిల్లలు దీపము పెట్టు వేళకు ఇల్లు చేరవలెను' అన్నచో అది తల్లి యాజ్ఞ. 'తమరు సకుటుంబముగా దయచేసి వధూవరుల నాశీర్వదింపవలెను' అన్నచో అది ప్రార్థన. 'ఏకాదశినాడు ఉపవాస ముండవలెను' అన్నచో అది శాస్త్రము. 'జ్వరము తగిలినవారు నీరు ఎక్కువగా త్రాగవలెను' అన్నచో హితవు. 'బండి యీపాటికి స్టేషను చేరియుండవలెను' అన్నచో వట్టి యూహ. ఇన్ని పనులను ఒక్క మాట యే చిక్కును లేకుండ జరుపుకొనుచున్నది. ఏది యాజ్ఞయో, ఏది ప్రార్థనయో వినువా రెన్నడును పొరబడరు. ఏలయన 'నీవు' అన్నామా, 'మీరు' అన్నామా, 'తమరు' అన్నామా; 'రమ్ము' అన్నామా, 'దయచేయుడు' అన్నామా అనునదియే దానిని తెలుపును. మన మర్యాద సర్వనామమునందును క్రియయందును ఉన్నది గావున 'వలెను' అను మాటకు ఆ బరువు మోయు పని లేదు.

సోదరీమణులారా! ఆంగ్లమున నిట్టి యేర్పాటు లేదు. అచ్చట రాజునకును 'యూ', పనివానికిని 'యూ', ఉయ్యాలలోని శిశువునకును 'యూ'. ఒకప్పుడు ఆ భాషయందును 'దౌ' అను ఏకవచనము వాడుకలో నుండెడిది. పదునేడవ శతాబ్దము గడచునప్పటికి అది నాగరికుల నోటినుండి జారిపోయి, ప్రార్థనలయందును, పద్యములయందును, కొన్ని పల్లెపలుకులయందును మాత్రమే నిలిచినది. సర్వనామము మర్యాదను విడిచినంతమాత్రమున మనుష్యులు మర్యాదను విడువరు గదా! మర్యాదను దెలుపు భారములో పెద్దపాలు సహాయక్రియలపై బడినది. మస్ట్, షుడ్, ఆట్ టు, హావ్ టు, నీడ్ టు, హాడ్ బెటర్, మైట్, కుడ్ అనునవి యన్నియు మన కొక్క 'వలెను' గానో, 'వచ్చును' గానో తోచును. వారికి మాత్రము అవి 'నీవు', 'మీరు', 'తమరు' అనునంతటి భేదము గలవి.

ఈ సంగతి తెలియకపోవుటచేత కలుగు నష్టము చిన్నది కాదు. మా యింటివారు బడిపంతులు గావున తల్లులు వ్రాయు లేఖలు మా కంటబడుచుండును. నేడు అవి కాగితముపై గాక టెలిఫోనులోనే వచ్చుచున్నవి. తెలుగున చక్కగా వ్రాయగల తల్లులును బడివారి మర్యాదకై ఆంగ్లముననే వ్రాయుచున్నారు. 'యూ మస్ట్ గ్రాంట్ లీవ్ టు మై డాటర్' అని యొక తల్లి వ్రాయును. ఆమె మనస్సున నున్నది 'మా అమ్మాయికి సెలవు దయచేయవలెను' అను వినయవాక్యము. చదివినవారికి వినబడునది 'సెలవిచ్చి తీరవలసినదే' అను దబాయింపు. ఆంగ్లములోనే చదువుకొని వచ్చిన చిన్న వయస్సు ఉపాధ్యాయిని యొకతె యట్టి లేఖను చూచి ముఖము ముడుచుకొనును. ఆ తల్లి పంతులమ్మ యెదురుగా కూర్చుండుటకైన వెనుదీయు మనిషి! మాట మోసము చేసినది గాని మనిషి చేయలేదు.

మేము ఇంటివద్ద పెద్దలయొద్ద సంస్కృతము చదువుకొనిన వారము. బడికి పోయి ఆంగ్లము నేర్చినవారము కాము. బహుశః అందువలననే కాబోలు, ఈ చిక్కు మాకు విధిలిఙ్ లకారము ద్వారమున సులభముగ తెలిసినది. పాణిని మహర్షి ఆ లకారమున కారర్థములు చెప్పినాడు: విధి, నిమంత్రణము, ఆమంత్రణము, అధీష్టము, సంప్రశ్నము, ప్రార్థనము. విధి యనగా ఆజ్ఞ. నిమంత్రణ మనగా కాదనుటకు వీలులేని పిలుపు. శ్రాద్ధభోజనమునకు దౌహిత్రుని పిలుచుట వంటిది. ఆమంత్రణ మనగా వచ్చువాని యిష్టమునకు విడిచిన పిలుపు. అధీష్ట మనగా పెద్దవారిని సత్కరించి యొక పనికి వేడుకొనుట. 'మా పిల్లవానికి తమరు ఉపనయనము చేయుదురుగాక' అని ఆచార్యుని అడుగుటను దీనికి వ్యాఖ్యాతలు ఉదాహరణముగ చూపుదురు. ఇది చేయుదునా, అది చేయుదునా యని యాలోచన యడుగుట సంప్రశ్నము. అనగా మన 'వలెను' వలె సంస్కృతమునందలి లిఙ్ కూడ ఆరు పనులు చేయు ఇల్లాలే. ఆంగ్లమున మాత్రము ఒక్కొక్క పనికి ఒక్కొక్కరు వేరు కాపురము పెట్టినారు. బడికి లేఖ వ్రాయు తల్లి చేయవలసినది అధీష్టము. మస్ట్ అనునది విధి. అధీష్టమునకు ఆంగ్లేయులు వలెనును తెలుపు క్రియను ముట్టనే ముట్టరు. 'కుడ్ యూ ప్లీజ్' అని యడుగుదురు. లేదా 'ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ కుడ్' అని, చేయుదురేని కృతజ్ఞురాలనని వ్రాయుదురు.

అలంకారశాస్త్రము నుండి మరియొక కొలబద్ద తెచ్చుకొనవచ్చును. ఉపదేశము మూడు విధములని మమ్మటుడు కావ్యప్రకాశమునందు చెప్పెను. మన ఓరుగల్లు ప్రతాపరుద్రుని యాస్థానమునందలి విద్యానాథుడును దానినే చెప్పెను. వేదము ప్రభువువలె శాసించును. పురాణము మిత్రునివలె బోధించును. కావ్యము కాంతవలె మనస్సు కరగించి ఒప్పించును. మస్ట్ అనునది ప్రభుసమ్మితము. షుడ్, ఆట్ టు అనునవి మిత్రసమ్మితములు. 'యూ మైట్ లైక్ టు' అని, 'యూ కుడ్ ట్రై' అని చెప్పునవి కాంతాసమ్మితములు. ఈ పోలికను విని మా యింటివారు నవ్విరి. కాని మరునాడు తరగతిలో దానినే చెప్పిరని పిల్లలవలన వింటిమి.

మస్ట్, షుడ్ అనువాని నడుమ నున్న దూరము ఎంతటిదో బ్రిటను దేశపు రహదారి నియమముల పుస్తకము చూచిన తెలియును. 'హైవే కోడ్' అని దానికి పేరు. 1931వ సంవత్సరమున తొలుత వెలువడినది. దానియందు మస్ట్ అని యున్నచోట వెనుక చట్టమున్నదని యర్థము; మీరినవారు నేరస్థులు. బండిలో నడుమునకు పటకా కట్టుకొనుట యట్టిది. షుడ్ అని యున్నచోట అది హితవు. ముందు పోవు బండికిని మన బండికిని వేగముగ పోవునప్పుడు కనీసము రెండు సెకండ్ల యెడ ముంచుట యట్టిది. హితవును మీరినంతమాత్రమున ఎవరిని పట్టుకొని పోరు. కాని ప్రమాదము జరిగి వ్యాజ్యము నడచినప్పుడు, ఆ హితవును పాటింపలేదను సంగతిని న్యాయస్థానమున సాక్ష్యముగ చూపవచ్చును. మిత్రుని మాటను కాదనవచ్చును. కాదన్నదానికి మాత్రము మనమే ఉత్తరవాదులము. షుడ్ యొక్క బలము సరిగా నింతే.

మన పుత్రులును, కోడండ్రును పని చేయు కంప్యూటరు లోకమునందును ఈ భేదమును అక్షరములలో నిలిపినారు. 1997 మార్చిలో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు జెందిన స్కాట్ బ్రాడ్నర్ అనునాయన యొక చిన్న పత్రము వ్రాసెను. ఆర్.ఎఫ్.సి. 2119 అని దాని సంఖ్య. మస్ట్ అనగా మినహాయింపు లేని నియమము. షుడ్ అనగా తగిన కారణమున్నచో విడువవచ్చును గాని, విడుచుటవలన కలుగు ఫలమును చక్కగా తూచుకొనిన పిమ్మటనే విడువదగినది. మే అనగా ఐచ్ఛికము. ఇంటర్నెట్టు నియమములు వ్రాయువారు దీనిని ప్రమాణముగ గొనుచున్నారు. నిత్యము, కామ్యము అని మన మీమాంసకులు కర్మలను విడదీసినట్లే యున్నది.

ఈ మాటల పుట్టుక యింకను చిత్రమైనది. షల్ అను క్రియకు ప్రాచీనాంగ్లమున ఋణపడియుండుట యని యర్థము. షుడ్ దాని భూతరూపము. ఆట్ అనునదియు ఋణమును దెలుపు 'ఓ' అను క్రియకు పూర్వపు భూతరూపమే. అనగా ఆంగ్లేయునికి కర్తవ్య మనగా అప్పు. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని మూడప్పులతో పుట్టిన మనకు ఈ తలంపు కొత్తది కాదు. కాని మన తెలుగు మాట అప్పునుండి పుట్టలేదు. వలచు, వలపు, వలయు అనునవి యొకే కుదురునుండి వచ్చినవి. మనకు చేయవలసినది యనగా కోరదగినది. మస్ట్ కథ మరియొక తీరు. అది మొదట అనుమతిని దెలుపు క్రియనుండి పుట్టి, కాలక్రమమున ఆజ్ఞగా మారినది. కొన్ని అత్తవారిండ్లలో 'చేయవచ్చును' అను మాట 'చేసి తీరవలెను' అని మారుటను చూచినవారికి ఇందు ఆశ్చర్యము లేదు.

ఇక వ్యతిరేకార్థము సంగతి. ఇచ్చట సోదరీమణులు కొంచెము నిలిచి చదువుదురుగాక. ఏలయన దీనిలో మర్యాదతో బాటు ఆరోగ్యము కూడ నున్నది. మస్ట్, హావ్ టు అను రెండును 'చేయవలెను' అనుటకు ఇంచుమించు ఒకటియే. కాని 'నాట్' చేరినతోడనే రెండును తూర్పు పడమరలగును. 'మస్ట్ నాట్' అనగా చేయరాదు. 'డు నాట్ హావ్ టు' అనగా చేయనక్కరలేదు. మన భాషలో ఈ రెంటికిని వేరు వేరు మాటలున్నవి గనుక తెలుగున నెవరును తడబడరు. ఆంగ్లమున రెంటియందును కనబడునవి వలెనును, కాదును మాత్రమే.

రక్తపరీక్షలే చూడుడు. ఉపవాసముతో చేయు చక్కెర పరీక్షకు ముందు కనీసము ఎనిమిది గంటలు ఏమియు తినరాదు. నీరు మాత్రము త్రాగవచ్చును. కాగితముపై 'యూ మస్ట్ నాట్ ఈట్' అని యుండును. దానిని 'తిననక్కరలేదు' అని చదువుకొనినవారు 'ఇష్టమైన తినవచ్చును గాబోలు' అనుకొని ఉదయమే కాఫీ త్రాగి పోవుదురు, పరీక్ష వ్యర్థమగును. గడచిన రెండు మూడు నెలల చక్కెరను తెలుపు హెచ్.బి.ఏ.వన్.సి. పరీక్షకు ఉపవాసము పని లేదు. దాని కాగితముపై 'యూ డు నాట్ హావ్ టు ఫాస్ట్' అని యుండును. దీనిని 'ఉపవాసముండరాదు' అని యర్థము చేసికొని, ఆనాడు శనివారపు ఒంటిపూట కూడ మానుకొని బాధపడిన ముసలమ్మలు కలరు.

ఇంతకంటెను ప్రమాదమైనది స్టెరాయిడ్ మాత్రల సంగతి. ఆ మాత్రలను కొన్ని వారములు వాడినచో శరీరము తనలో సహజముగ పుట్టవలసిన ఆ ద్రవ్యమును పుట్టించుట తగ్గించుకొనును. ఒక్కసారిగా మానినచో లోపల అదియు లేక, బయటినుండి ఇదియు లేక రోగి కూలిపోవచ్చును. అందుచేతనే 'యూ మస్ట్ నాట్ స్టాప్ సడన్లీ' అని వ్రాయుదురు. దీనిని 'హఠాత్తుగా ఆపనక్కరలేదు' అని చదువుకొని, ఒళ్లు కుదుటపడినది గదా యని మాత్రలు కట్టిపెట్టిన యింటిలో ఏమి జరుగునో వేరుగ చెప్పనేల? మస్ట్ నాట్ కనబడినచోట 'కూడదు' అను మాట తప్ప మరియే తెలుగు మాటయు మనస్సునకు రానీయకుడు.

'హాడ్ బెటర్' అను దానివిషయమున కొంచెము. 'మీరు రేపు వచ్చుట మేలు' అనుట తెలుగున మెత్తని సలహా. దానినే 'యూ హాడ్ బెటర్ కం టుమారో' అన్నచో, రాకున్న కీడు మూడునను హెచ్చరిక తోకగా నుండును. తల్లి బిడ్డతో అనవచ్చును. స్నేహితురాలు స్నేహితురాలితో 'వాన వచ్చునట్లున్నది, గొడుగు తీసికొనుట మంచిది' అని చనవుగా ననవచ్చును. మామగారితోను, పంతులుగారితోను, వైద్యునితోను అనరాదు.

ఎదురుచూచుట సంగతి మరింత సూక్ష్మము. 'ఆశించుచున్నాము' అని మన మన్నచో అది చేయి చాచి యడిగినట్లుండును. 'ఎక్స్‌పెక్ట్' అనునది అట్లు కాదు. 'ఐ ఎక్స్‌పెక్ట్ యూ టు ఫినిష్ దిస్' అని పైయధికారి యన్నచో అది ఆజ్ఞకు అన్నదమ్ముల బిడ్డ. 1805 అక్టోబరు 21వ తేదీన ట్రఫాల్గర్ యొద్ద నౌకాయుద్ధము మొదలగుటకు ముందు నెల్సను సేనాని తన నావలకు జెండాలతో ఒక సందేశము పంపించెను. ప్రతివాడును తన ధర్మమును నెరవేర్చునని ఇంగ్లండు నమ్మియున్నదని చెప్పవలెనని యాయన యుద్దేశము. అందులకు 'కన్ఫైడ్స్' అను మాట నేర్చుకొనెను. జెండాల పనిచూచు పాస్కో అను నుద్యోగి, 'ఆ మాటను అక్షరమక్షరముగా కూర్చవలసియుండును. ఎక్స్‌పెక్ట్స్ అను మాటకు సంకేతము సిద్ధముగనున్నది' అని విన్నవించెను. సేనాని సమ్మతించెను. కొన్ని జెండాలు కలిసివచ్చుటకై నమ్మకము పోయి నిర్బంధము వచ్చి కూర్చున్నది. ఆంగ్లేయులు గర్భిణిని 'ఎక్స్‌పెక్టింగ్' అందురు. రాక తప్పదను నిశ్చయము ఆ మాటలో నున్నది. కావున బడివారికి 'ఐ ఎక్స్‌పెక్ట్ యువర్ రిప్లై' అని వ్రాయుటకంటె 'ఐ లుక్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై' అని వ్రాయుట మన యభిప్రాయమునకు దగ్గర.

జరిగినదానిని గూర్చి చెప్పునప్పుడు షుడ్ హావ్, మస్ట్ హావ్ అనువాని భేదము గుండెను తాకునట్టిది. 'మస్ట్ హావ్' అనగా అట్లు జరిగియుండునని యూహ. 'షుడ్ హావ్' అనగా అట్లు జరుగవలసినది, జరుగలేదను నింద. లేదా అట్లగుట న్యాయమను తీర్పు. పరదేశముననున్న కొడుకు పొరుగింట నొకరు గతించినప్పుడు, పరామర్శలేఖలో 'ఆ దినములు మీకు మిక్కిలి కష్టముగ నుండియుండవలెను' అని చెప్పదలచి, వలెనునకు షుడ్ పెట్టి 'ఇట్ షుడ్ హావ్ బీన్ హార్డ్ ఫర్ యూ' అని వ్రాసిన నేమగును? 'మీకు కష్టము కలుగుటయే న్యాయము' అన్నట్లగును. 'ఇట్ మస్ట్ హావ్ బీన్ హార్డ్' అన్నచో అదియే కన్నీరు తుడుచు మాట. ఒక చిన్న క్రియ తేడా.

ఇంతవరకు మస్ట్ కఠినమనియే చెప్పుచు వచ్చితిమి. భోజనపంక్తి యొద్ద మాత్రము దాని రూపమే వేరు. 'యూ మస్ట్ టేస్ట్ దిస్ పులిహోర', 'యూ మస్ట్ స్టే ఫర్ డిన్నర్' అనునవి ఆంగ్లేయుల యింట మిక్కిలి ప్రేమతో పలుకు మాటలు. అచ్చట షుడ్ అన్నచో చప్పగా నుండును. మైట్ అన్నచో పిలుపు మొక్కుబడి యగును. ఇది నిమంత్రణము. పనివలన మేలు వినువారిదైనచో మస్ట్ తీయన. మేలు చెప్పువారిదైనచో అదే మస్ట్ చేదు. 'మీరు నాలుగు దినములు మా యింట నుండి తీరవలెను' అనుటకును, 'మీరు నాకు నాలుగువేలు అప్పీయవలెను' అనుటకును గల తేడా యిదియే. ఈ యొక్క గుర్తు చేత బట్టుకొనినచో సగము పొరపాట్లు తప్పును.

వారి దేశముననే మస్ట్ ప్రాభవము నేడు క్షీణించుచున్నది. జెఫ్రీ లీచ్ అను పండితుడు 1961 నాటి బ్రిటిషు వ్రాతలనుండి పదిలక్షల మాటలను, 1991 నాటి వ్రాతలనుండి అన్నియే మాటలను కూర్చిన రెండు సంపుటములను పోల్చి చూచెను. ఆ ముప్పది యేండ్లలో మస్ట్ వాడుక నూటికి సుమారు 29 వంతులు తగ్గినది. షల్, ఆట్ అనునవి అంతకంటె నెక్కువగ తగ్గినవి. ఒకరిపై నొకరు ప్రభువులవలె మాటలాడుట ఆంగ్లేయులకు రుచించుట మానినదని కొందరు పండితులు దీనికి కారణము చెప్పుదురు. ఆ చోటును ఆక్రమించుచున్న వానిలో నీడ్ టు ముఖ్యమైనది. 'యూ మస్ట్ సైన్ దిస్' అనుటకు బదులు 'యూ నీడ్ టు సైన్ దిస్' అందురు. నీకు అక్కర యున్నది అనుట దాని యక్షరార్థము. బడినుండి వచ్చిన పిల్ల చీటి చేతబట్టుకొని 'అమ్మా, యూ నీడ్ టు సైన్ దిస్' అన్నప్పుడు అక్కర ఎవరిదో తల్లికి తెలియును. ఉద్యోగశాలలో పైయధికారి అదే మాట అన్నప్పుడు మన కోడలికిని తెలియును. దానికి 'ఐ నీడ్ నాట్' అని బదులు చెప్పక, 'కుడ్ ఐ డు ఇట్ బై ఫ్రైడే?' అని యడుగుట మేలని మా చెల్లెలి కూతురికి మొన్న వ్రాసితిమి. శుక్రవారమునకు గడువు దొరికినదని ఆమె జాబు వచ్చినది.